చేతితో చేసిన గిటార్‌కి ఏ పాలిష్? బెజవాడ ఎండ, చెమట, వానల లెక్క

చేతితో క్లాసికల్ గిటార్లు చేసే వాళ్లకి ఆర్డర్ ఇస్తే, చెక్క సంగతి తేలాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "పాలిష్ ఏది వేయమంటారు?" పై పలక చెక్క స్ప్రూసా, సీడరా అన్నదాని మీద నెలల తరబడి చదివి వచ్చిన వాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. తెలిసిన వాళ్లని అడిగితే చిక్కు ఇంకా ముదురుతుంది. గిటార్‌కి ఫ్రెంచ్ పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్కని గుడ్డతో రుద్ది వేసేది) తప్ప ఇంకేదీ పనికిరాదని ఒకరు అంటారు. మన ఎండలకి అది నిలవదు, పీయూ (పాలీయురేథేన్) కొట్టించెయ్యండి అని ఇంకొకరు. ఇంట్లో కప్‌బోర్డులు చేసిన మేస్త్రీ మెలమైన్ అంటాడు. ఎవరి మాటలో నిజం వాళ్లకుంది. ఒకరు నాదం గురించి ఆలోచిస్తున్నారు, ఒకరు ఎండ గురించి, ఒకరు మెరుపు గురించి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విజయవాడలోనో గుంటూరులోనో ఉండి రోజూ వాయించే గిటార్‌కి పై పలక మీద ఫ్రెంచ్ పాలిష్, వెనక పలకకి, పక్కలకి, నెక్‌కి పలచటి లక్కర్ (స్ప్రేతో వేసే నైట్రోసెల్యులోజ్ పాలిష్) వేయించుకోవడం ఎక్కువమందికి సరిపోతుంది. ఒకే గిటార్ మీద రెండు రకాల పాలిష్ ఏమిటని అనిపించొచ్చు. బయటి దేశాల్లో పేరున్న పనివాళ్లు చాలామంది చేసేదే ఇది. ఎందుకో అర్థం కావాలంటే ముందు పాలిష్ బరువు ఎంతో చూడాలి.

గ్రాముల్లో తేడా

క్లాసికల్ గిటార్‌కి నైలాన్ తీగలు. ఆరు తీగల లాగుడు కలిపినా సుమారు 40 కిలోలే. స్టీలు తీగల గిటార్‌లో అది 70 కిలోలు దాటుతుంది. ఉన్న ఆ కాస్త శక్తితోనే గది నిండా వినపడాలి కాబట్టి పై పలకని 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల మందానికి చెక్కుతారు. దాని వైశాల్యం దాదాపు 1,400 చదరపు సెంటీమీటర్లు. స్ప్రూస్ తేలిక చెక్క. లోపల అతికించే పట్టీలు వదిలేస్తే ఆ పలక మొత్తం బరువు 130, 140 గ్రాముల దగ్గర తేలుతుంది.

ఇప్పుడు దాని మీద పాలిష్ వేసి చూద్దాం. చేయి తిరిగినవాడు వేసిన ఫ్రెంచ్ పాలిష్ పొర 0.03, 0.04 మిల్లీమీటర్లు ఉంటుంది. పలకంతటికీ కలిపి ఐదారు గ్రాములు. ఫ్యాక్టరీ గిటార్ల మీద కనిపించే పాలియెస్టర్ పొర 0.3 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అప్పుడు బరువు 50 గ్రాములు. అంటే పలక బరువులో మూడో వంతు పైన. పైగా ఆ ప్లాస్టిక్ పొర చెక్కలా మోగదు, కంపనాన్ని తొందరగా అణిచేస్తుంది. నెలల తరబడి కొలిచి, తట్టి, విని, అర మిల్లీమీటరు తీయాలా వద్దా అని తర్జనభర్జన పడి చెక్కిన పలక మీద చివర్లో అంత బరువు మోపితే ఆ పనంతా ఏమైనట్టు?

ఈ లెక్క తెలిశాక పాలిష్ పేరు కంటే దాని మందం ముఖ్యమని తెలిసిపోతుంది. నైట్రోసెల్యులోజ్ లక్కర్ కూడా పలచగా, 0.1 మిల్లీమీటరు లోపు వేస్తే గిటార్ బాగానే పలుకుతుంది. ఫ్రెంచ్ పాలిష్‌కి వచ్చిన మంచి పేరులో పెద్ద వాటా దాని పలచదనానిదే. గుడ్డతో రుద్ది వేసే ఆ పద్ధతిలో మందంగా వేయాలన్నా కుదరదు.

ఈ జాగ్రత్త పై పలకకే ఎందుకు? ఈ తరహా గిటార్‌కి ఇప్పుడున్న రూపం ఇచ్చిన స్పెయిన్ పనివాడు ఆంతోనియో దె తోర్రెస్ 1862లో ఒక గిటార్ చేశాడు. దాని వెనక పలక, పక్కలు కాగితపు గుజ్జుతో చేసినవి. నాదం పుట్టేది పై పలకలోనే అని చూపించడం ఆయన ఉద్దేశం. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. వెనక పలకకి అసలు పాత్రే లేదని దీని అర్థం కాదు. కానీ అక్కడ పది గ్రాములు పెరిగితే చెవికి తెలియడం కష్టం, పై పలక మీద పెరిగితే తెలుస్తుంది.

పాలిష్ నాదాన్ని బాగు చేస్తుందనే మాటని మాత్రం నేను నమ్మను. గిటార్ బాగా పలికేలా చేసేది చెక్క, దాన్ని చెక్కిన చెయ్యి. పాలిష్ చేయగలిగిన మేలు అడ్డు రాకుండా ఉండడం, చెమట, మురికి చెక్కలోకి దిగకుండా ఆపడం, గాలిలో తేమ ఒక్కసారిగా ఎక్కి దిగకుండా కాస్త నెమ్మది చేయడం. ఆ చివరి పని కూడా సగమే చేస్తుంది. గిటార్ లోపలి వైపు సాధారణంగా పాలిష్ ఉండదు, రంధ్రంలోంచి తేమ పోతూ వస్తూనే ఉంటుంది. "పీయూ వేయించాను, ఇక వాన గాలి ఏం చేయదు" అని ధీమాగా ఉన్న వాళ్ల గిటార్లు కూడా ఉబ్బుతాయి.

లక్క సంగతి

ఫ్రెంచ్ పాలిష్ పేరు పరాయిది కానీ సరుకు మనదే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు కట్టుకునే గూటి నుంచి తీసే బంక అది. ప్రపంచంలో లక్క ఎక్కువగా పండే దేశాల్లో మనది ముందుంటుంది, అందులోనూ జార్ఖండ్‌ది పెద్ద వాటా. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క మీద పరిశోధన సంస్థ పెట్టారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికి కరిగి బొమ్మకి అంటుకునేది ఇదే. శుద్ధి చేసి పలచని రేకులుగా ఆరబెట్టిన దాన్ని వ్యాపారంలో చపడా అంటారు. స్పెయిన్‌లో, అమెరికాలో గిటార్లు చేసే వాళ్లు మన దేశపు రేకులే తెప్పించుకుని వాడుతున్నారు. ఇక్కడ మనం దాన్ని పాతకాలపు కుర్చీల పాలిష్ అని పక్కన పెట్టేశాం. ఇది నాకు కాస్త బాధగానే ఉంటుంది.

రేకుల్లో రకాలున్నాయి. ముదురు ఎరుపు, నారింజ రంగు, రంగు తీసేసిన లేత బంగారు రంగు. తెల్లటి స్ప్రూస్ తెల్లగానే ఉండాలనుకుంటే లేత రకం తీసుకోవాలి. తేనె రంగు కావాలనుకుంటే నారింజ రకం. మామూలు లక్కలో కొంచెం మైనం ఉంటుంది. మైనం తీసిన రకం కొంటే పొర గట్టిగా వస్తుంది, దాని మీద వేరే లక్కర్ వేసినా పట్టుకుంటుంది. రేకులు పాతబడితే స్పిరిట్‌లో సరిగ్గా కరగవు. కలిపిన ద్రావణం ఆరు నెలలు దాటితే ఆరడం మానేస్తుంది. గాజు పలక మీద ఒక చుక్క వేసి మర్నాడు గోరుతో నొక్కి చూడండి. గోరు దిగితే ఆ సీసా గిటార్‌కి పనికిరాదు.

కలపడానికి 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌కి 12 గ్రాముల రేకులు వేస్తే పలచన, 24 గ్రాములు వేస్తే చిక్కన. ఎక్కువమంది ఈ రెండింటి మధ్య కలుపుతారు. స్పిరిట్ విషయంలో జాగ్రత్త అవసరం. పాలిష్ పనివాళ్లు వాడే స్పిరిట్‌లో మిథనాల్ కలిసి ఉండొచ్చు. అది ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఒంట్లోకి చేరే విషం. మంచి ఇథనాల్ దొరక్కపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడొచ్చు, లక్క కాస్త నెమ్మదిగా కరుగుతుంది. 70 శాతంది మాత్రం వద్దు, మిగతాదంతా నీళ్లే.

పని జరిగే తీరు చూస్తే దీని ఖరీదు ఎందుకంతో తెలుస్తుంది. నూలు గుడ్డలో ఉన్నినో దూదినో పెట్టి ముద్దగా కడతారు. అందులో లక్క పోసి, ముఖం తుడుచుకున్న తువ్వాలుకి ఉండేంత తడి మాత్రమే మిగిలేలా పిండి, పలక మీద చుట్లు తిప్పుతూ, ఎనిమిది అంకెలా తిప్పుతూ, చివర్లో చెక్క గీత వెంట నిలువుగా లాగుతారు. గుడ్డ ఎక్కడా ఆగకూడదు. ఆగితే కింద ఉన్న పొర కరిగి దానికి అంటుకుని లేచిపోతుంది. అలా కాకుండా మధ్యమధ్యలో ఒక చుక్క ఆలివ్ నూనె తగిలిస్తారు, ఆ నూనెని తర్వాత స్పిరిట్ గుడ్డతో పైకి లాగేస్తారు. ఒక విడత అయ్యాక గంటల తరబడి ఆరనివ్వాలి. ఇలా రెండు మూడు వారాలు. ఆ తర్వాత కూడా పొర పూర్తిగా గట్టిపడడానికి దాదాపు నెల పడుతుంది. "పాలిష్‌కి ఇంత రోజులా?" అని పనివాణ్ణి తొందరపెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

వెనక పలకది ఇంకో రకం కష్టం. ప్రపంచంలో క్లాసికల్ గిటార్ల వెనక పలకలకి ఎక్కువగా వాడే చెక్కల్లో ఒకటి మన దక్షిణాది అడవుల్లో పెరిగే ఇరుగుడు, అంటే ఇండియన్ రోజ్‌వుడ్. దానికి పెద్ద రంధ్రాలు. వాటిని నింపకపోతే పైన అద్దంలా రాదు. ప్యూమిస్ అనే అగ్నిపర్వతపు రాతి పొడిని స్పిరిట్ గుడ్డతో రుద్దితే, అది చెక్కని అరగదీసి ఆ పొడితోనే రంధ్రాలు పూడుస్తుంది. అదే సమయంలో ఇరుగుడులోని ఊదా రంగు స్పిరిట్‌లో కరిగి పక్కనున్న తెల్లటి అంచు పట్టీల మీదకి, స్ప్రూస్ మీదకి పాకుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు ఆ తెల్ల భాగాలకి సన్నటి కుంచెతో లక్క పూసి కాపాడుకుంటారు. ఇరుగుడులో ఉండే సహజమైన నూనెలు కొన్ని రకాల వార్నిష్‌ని, పాలియెస్టర్‌ని ఆరనివ్వవు కూడా. మధ్యలో మైనం తీసిన లక్క పొర ఒకటి వేస్తే ఆ గొడవ ఉండదు. అంటే పైన ఏ లక్కర్ వేసినా అడుగున లక్క ఉండడం మంచిదే.

ఇక దీని బలహీనతలు. నీటి చుక్క అలాగే వదిలేస్తే తెల్ల మచ్చ పడుతుంది. గోరు గీస్తే గీత పడుతుంది. స్పిరిట్ తగిలితే కరుగుతుంది, కాబట్టి చేతులకి శానిటైజర్ రాసుకుని అది ఆరకముందే గిటార్ ముట్టుకోకూడదు. దోమల కోసం రాసుకునే క్రీముల్లో డీట్ అనే రసాయనం ఉంటే అది ఎన్నో రకాల పాలిష్‌ని, ముఖ్యంగా నైట్రో లక్కర్‌ని, మెత్తబరుస్తుంది. సాయంత్రం వరండాలో కూర్చుని వాయించే వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. లక్క 65, 70 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. గదిలో ఎప్పుడూ అంత వేడి ఉండదు, కానీ బయట 43 డిగ్రీలున్న మే మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు లోపల 60 దాటడం మామూలే. అప్పటికి చెక్కని పట్టి ఉంచిన జిగురు కూడా మెత్తబడుతుంది. వీణ వాయించే వాళ్లకి ఇది కొత్త కాదు. మెట్లు మైనం మీద నిలుస్తాయి కాబట్టి వాళ్లు వీణని ఎండ తగలనివ్వరు. గిటార్‌కీ అదే నియమం.

వీటన్నిటికీ బదులుగా లక్క ఇచ్చే మేలు ఒకటుంది. కొత్త పొర వేస్తే పాత పొర కాస్త కరిగి రెండూ కలిసిపోతాయి. పదేళ్ల తర్వాత గీతలు పడ్డ పలకని, అతుకు కనపడకుండా, రెండు మూడు రోజుల్లో కొత్తదానిలా చేయొచ్చు.

మిగతా పాలిష్‌లు, మేస్త్రీ చెప్పేవి

నైట్రోసెల్యులోజ్ లక్కర్ 1920ల్లో కార్ల పరిశ్రమ కోసం వచ్చింది. డూపాంట్ కంపెనీ పెట్టిన డ్యూకో అనే పేరు మన పెయింటర్ల నోట ఇప్పటికీ ఉంది. స్ప్రేతో వేస్తారు, తొందరగా ఆరుతుంది, ఫ్రెంచ్ పాలిష్ కంటే కాస్త గట్టిది. దీనిలోనూ కొత్త పొర పాత పొరతో కలిసిపోతుంది కాబట్టి రిపేరు సులువు. ఏళ్లు గడిస్తే పసుపు పచ్చగా మారుతుంది, వేడి నుంచి చలికి ఒక్కసారిగా తీసుకెళ్తే సన్నని పగుళ్లు వస్తాయి. కొన్ని గిటార్ స్టాండ్ల రబ్బరు తగిలిన చోట కరిగి అంటుకుంటుంది, స్టాండ్‌కి నూలు గుడ్డ చుట్టండి.

పీయూ చాలా గట్టిది. చెమట, స్పిరిట్, నీళ్లు దేనికీ లొంగదు. కానీ గట్టిపడ్డాక దానిలో కొత్త పొర కలవదు, చెక్కు ఊడితే ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, పీలిస్తే ఆస్తమా రావొచ్చు, ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు.

ఆటోనగర్‌లో కార్లకి పెయింట్ వేసే చోట గిటార్ ఇస్తే అద్దంలా వస్తుందని సలహా ఇచ్చేవాళ్లు విజయవాడలో తప్పకుండా ఎదురవుతారు. మెరుపు వస్తుంది, అందులో అనుమానం లేదు. అక్కడి స్ప్రే పనివాళ్ల చేయి కూడా గొప్పదే. కానీ రేకు మీద పొర మీద పొర వేసి సమం చేయడం వాళ్ల అలవాటు, 2 మిల్లీమీటర్ల పలక సంగతి వాళ్లకి తెలియాల్సిన అవసరం ఇంతకుముందు రాలేదు. బూత్‌లో 60 డిగ్రీల వేడి పెట్టి ఆరబెడితే అతుకులు వదలొచ్చు. తీగలు కట్టే బ్రిడ్జి అతికించే చోట చెక్క ఒట్టిగా ఉండాలి, జిగురు పాలిష్ మీద పట్టదు, అది కూడా ముందే చెప్పి టేపు వేయించాలి. గిటార్ చేసినవాడు పక్కన నిలబడి, వెనక పలకకి, పక్కలకి మాత్రం వేయిస్తానంటే ఒప్పుకోవచ్చు. పై పలక ఇవ్వొద్దు.

మెలమైన్ ఫర్నిచర్‌కి మంచిదే. సీలర్, లప్పం, పైన రెండు మూడు కోట్లు వేసే అలవాటు వల్ల గిటార్‌కి మందం అయిపోతుంది. పెళుసు కూడా. నూనె పాలిష్‌లు, అంటే అవిసె నూనె, టంగ్ నూనె లాంటివి, నెక్‌కి హాయిగా ఉంటాయి, చేయి జారుతుంది. పై పలకకి వద్దు, మెత్తటి స్ప్రూస్‌లోకి ఇంకి బరువు పెంచుతాయి. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. మన ఎండాకాలంలో అసలు చేయకూడని పని. గుడ్డల్ని పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో వేయాలి.

ఎప్పుడు వేయించాలి

కృష్ణ ఒడ్డున ఏ పాలిష్ వేసినా తేమతో తంటా తప్పదు. స్పిరిట్ గానీ థిన్నర్ గానీ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాలిలోని తేమని పట్టుకుంటుంది. పొర పాలు చిలికినట్టు తెల్లబడుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా, వాన వెలిసిన సాయంత్రాల్లో, ఇది ఎక్కువ. స్ప్రే పనివాళ్లు ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలిపి నెట్టుకొస్తారు, గుడ్డతో లక్క వేసేవాడికి ఆ వీలు తక్కువ. విజయవాడలో ఫ్రెంచ్ పాలిష్‌కి మంచి కాలం డిసెంబరు చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా, అదీ పొద్దున మంచు పూర్తిగా విడిచాక. మిగతా నెలల్లో ఏసీ గది, గాలిలో తేమ కొలిచే మంచి హైగ్రోమీటర్ ఒకటి కావాలి. తేమ 45, 55 శాతం మధ్య ఉన్నప్పుడే చెక్క పని, పాలిష్ పని రెండూ చేసే వాళ్లకి గిటార్ ఇవ్వండి. మీ ఆర్డర్ ఆగస్టులో పాలిష్ దశకి వస్తే, జనవరి దాకా ఆగుతానని పనివాడు అన్నప్పుడు ఒప్పుకోండి. ఆ మాట అన్నవాడికి పని తెలుసు.

ఎవరికి ఏది

ఇంట్లో, ఏసీ గదిలో, కచేరీల్లో వాయించే వాళ్లకి మొదట్లో చెప్పిన ఏర్పాటే నా సలహా. గిటార్‌ని స్కూటర్ మీద క్లాసుకి తీసుకెళ్లి, పిల్లల చేతికి ఇచ్చి, నలుగురి మధ్య పెట్టి తిరిగే టీచరుకి మొత్తం పలచటి లక్కర్ మంచిది. కాస్త నాదం తగ్గినా రోజూ టెన్షన్ ఉండదు. ఒంటికి చెమట విపరీతంగా పట్టే వాళ్ల విషయం వేరు. ఒకే పాలిష్ ఒకరి దగ్గర ఇరవై ఏళ్లు చెక్కుచెదరదు, ఇంకొకరి కుడి ముంజేయి ఆనే చోట ఏడాదిలో జిగటగా మారుతుంది. మనుషుల చెమటలో తేడాలుంటాయి, లక్కకి అవి తెలుస్తాయి.

ఇది ముందే తేల్చుకునే మార్గం ఉంది. పనివాడి దగ్గర పై పలక కోసినప్పుడు మిగిలిన ముక్కలు తప్పకుండా ఉంటాయి. ఒక ముక్కకి ఫ్రెంచ్ పాలిష్, ఇంకోదానికి లక్కర్ వేసి ఇవ్వమని అడగండి. అవి నెల రోజులు పూర్తిగా గట్టిపడ్డాక, ఏప్రిల్‌లోనో మేలోనో, ఇప్పుడున్న గిటార్ మీద కుడి ముంజేయి ఆనే చోట కింద గుడ్డ వేసి, ఆ రెండిట్లో ఒక ముక్కని కట్టుకుని కొన్ని వారాలు సాధన చేయండి. వారానికోసారి రెండు ముక్కల్నీ వంతులు మార్చండి. లక్క ముక్క మసకబారి, వేలికి అంటుకుంటుంటే ముంజేయి ఆనే అంచు వరకు పలచటి లక్కర్ వేయమని, మిగతా పలకంతా ఫ్రెంచ్ పాలిష్‌తోనే ఉంచమని చెప్పొచ్చు. లేదా ఆ చోట కప్పుకునే తోలు పట్టీ ఒకటి కుట్టించుకుని, పొడుగు చేతుల నూలు చొక్కాతో వాయించొచ్చు. లక్క ముక్క శుభ్రంగా ఉంటే ఇక ఆలోచించే పని లేదు, పై పలకకి ఫ్రెంచ్ పాలిష్ ఖాయం చేసి బయానా ఇచ్చేయండి.